విష్నియాక్ సీసా, వుల్ఫ్ ట్రాప్, ఒక ఖాళీ ప్లేటు

ల్యాబు ఫ్రిజ్ తలుపు తీస్తే అడుగు అరలో కొన్ని సీసాలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఎవరు కలిపారో గుర్తుండదు, ఎప్పుడు కలిపారో చీటీ మీద సగం చెరిగిపోయి ఉంటుంది. గంధకం తిని బతికే బ్యాక్టీరియాను పెంచేవాళ్ల దగ్గరా, మురుగునీటిలోంచి నత్రజని తీసేసే బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్ల దగ్గరా అలాంటి సీసా ఒకటి ఉంటుంది. దాని మీద రాసి ఉండే పేరు విష్నియాక్. పిపెట్‌తో 1 మిల్లీలీటరో 2 మిల్లీలీటర్లో తీసి లీటరు మీడియంలో (బ్యాక్టీరియాను పెంచే పోషకద్రవంలో) వేసి, మూత బిగించి, మళ్లీ అరలో పెట్టేస్తారు. ఆ పేరుగల మనిషి అంగారకుడి మట్టిలో ప్రాణం పట్టడానికి ఒక పెట్టె కట్టాడన్న సంగతీ, చివరికి అంటార్కిటికాలో మంచువాలు మీంచి జారిపడి చనిపోయాడన్న సంగతీ ఆ సీసా చెప్పదు.

ముందు సీసా సంగతే చూద్దాం. 1957లో వుల్ఫ్ విష్నియాక్, శాంటర్ కలిసి గంధకం తినే థయోబాసిల్లస్ జాతి మీద రాసిన సమీక్షతో, బ్యాక్టీరియాకు అతికొద్దిగా కావలసిన లోహాలు అందించే ఈ ట్రేస్ సొల్యూషన్ పాళ్లు స్థిరపడ్డాయి. లీటరు నీటికి ఈడీటీఏ (లోహాలను పట్టుకుని ఉంచే పదార్థం) 50 గ్రాములు, జింక్ సల్ఫేట్ 22, కాల్షియం క్లోరైడ్ 5.54, మాంగనీస్ క్లోరైడ్ 5.06, ఫెర్రస్ సల్ఫేట్ 4.99, అమ్మోనియం మాలిబ్డేట్ 1.10, కాపర్ సల్ఫేట్ 1.57, కోబాల్ట్ క్లోరైడ్ 1.61 గ్రాములు. చివర్లో పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.0కి తేవాలి. నాచు పెంచేవాళ్లు వాడే హట్నర్ సొల్యూషన్ పాళ్లు తెలిసినవాళ్లకి ఈ అంకెలు చూడగానే చుట్టరికం కనిపిస్తుంది. అక్కడ బోరిక్ ఆమ్లం ఉంటే ఇక్కడ కాల్షియం ఉంది, మిగతాదంతా దాదాపు అదే.

కలపడంలో చాలామంది తప్పు చేసేది మొదటి అడుగులోనే. ఈడీటీఏ పొడి మామూలు నీటిలో కరగదు. ఎంత తిప్పినా అడుగున తెల్లగా కూర్చుంటుంది. క్షారం కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ పైకి తెస్తేనే నీళ్లు తేటపడతాయి. ఆ తర్వాతే లోహ లవణాలు, అదీ ఒక్కొక్కటిగా, ముందు వేసింది పూర్తిగా కరిగాకే తర్వాతది. ఈడీటీఏ లోహాన్ని పట్టుకున్నప్పుడల్లా ఆమ్లం విడుదలవుతుంది, పీహెచ్ దిగిపోతుంది. అందుకని పీహెచ్ మీటరు పక్కన పెట్టుకుని, దిగినప్పుడల్లా చుక్కలు చుక్కలుగా క్షారం పోస్తూ ఉండాలి. తొందరపడి ఇనుము ముందే వేసేస్తే తుప్పు రంగులో విరిగిపోతుంది, ఇక ఆ సీసా పారబోయడమే. అసలు మీడియంలో ఫాస్ఫేట్‌ను విడిగా ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడిలో ఉన్న ఆవిరితో క్రిములు చంపి) చల్లారాక కలపమనేదీ అందుకే. వేడిలో ఇనుమూ ఫాస్ఫేటూ కలిస్తే అడుగున మడ్డి దిగుతుంది, బ్యాక్టీరియాకి ఇనుము అందదు. ఇంకో చిక్కు కాగితం మీదిది. చేతులు మారుతూ వచ్చిన కొన్ని రెసిపీల్లో జింక్ 22 కాస్తా 2.2 అయిపోయింది. రెండింటితోనూ బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి ఆ తేడా ఎవరి కంటా పడలేదు.

ఈ పనిలో పడ్డ మనిషికి ఒక అలవాటు వస్తుంది. థయోబాసిల్లస్ కంటికి కనబడకముందే పీహెచ్‌లో కనబడుతుంది. థయోసల్ఫేట్ తిని సల్ఫ్యూరిక్ ఆమ్లం వదులుతుంది, పీహెచ్ జారిపోతుంది, ఆ తర్వాతే ఫ్లాస్కు మసకబారుతుంది. మసక, పులుపు. పదేళ్లకు పైగా ఫ్లాస్కుల్లో ఈ రెండు గుర్తులూ చూసిన మనిషే వాటిని అంగారకుడికి పంపే పెట్టెలో పెట్టాడని నా లెక్క.

విష్నియాక్ 1922లో బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి రోమన్ విష్నియాక్ తూర్పు యూరప్ యూదుల బతుకుల్ని ఫొటోలు తీసి పేరు పొందినవాడు. మైక్రోస్కోపు ఫొటోల్లోనూ అంతే ఘనుడు. యుద్ధం మొదలయ్యాక కుటుంబం అమెరికా చేరింది. వుల్ఫ్ స్టాన్‌ఫర్డ్‌లో సూక్ష్మజీవశాస్త్రవేత్త వాన్ నీల్ దగ్గర 1949లో డాక్టరేటు పూర్తిచేశాడు. కాలిఫోర్నియా తీరంలోని హాప్కిన్స్ మెరైన్ స్టేషన్‌లో వాన్ నీల్ చెప్పిన సూక్ష్మజీవుల పాఠం ఒక తరం మొత్తాన్ని తయారుచేసింది. తర్వాత జీవరసాయనవేత్త సెవెరో ఓచోవా దగ్గర పనిచేసి, 1951లో ఆయనతో కలిసి ఒక ముఖ్యమైన సంగతి చూపించాడు. ఆకుపచ్చ రేణువుల మీద వెలుగు పడితే, కణంలో శక్తిని మోసే పిరిడీన్ న్యూక్లియోటైడ్లు క్షయకరణం చెందుతాయనీ (ఎలక్ట్రాన్లు అందుకుంటాయనీ), ఆ శక్తి కార్బన్ డయాక్సైడ్‌ను బంధించే చర్యకు ఉపయోగపడుతుందనీ. ఆ ఒక్క పనితోనే పాఠ్యపుస్తకాల్లో మిగిలిపోయేవాడు. తర్వాత యేల్, ఆ తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయం.

1959లో నాసా ఆయనకు 4,485 డాలర్లు ఇచ్చింది. గ్రహాంతర జీవాన్వేషణకు నాసా ఇచ్చిన తొలి గ్రాంటుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ డబ్బుతో మొదలైన పెట్టెకు ఆయన పేరే అతుక్కుంది. వుల్ఫ్ ట్రాప్. తోడేలు బోను అన్న అర్థమూ వస్తుంది కాబట్టి ఆ పేరు ఇక వదల్లేదు.

బోను లోపల పెద్ద మాయేమీ లేదు. నేల మీది ధూళిని లోపలికి లాగే గొట్టం, పోషకాలు కలిపిన తేట ద్రవం ఉన్న గది, దాని గుండా పోయే వెలుతురు, ఆ వెలుతురు చెదిరితే పట్టుకునే సెన్సరు, పీహెచ్ ఎలక్ట్రోడు. మట్టి పడుతుంది. ప్రాణముంటే తింటుంది, పెరుగుతుంది, ద్రవం మసకబారుతుంది, పీహెచ్ మారుతుంది. ఆ రెండు అంకెలు రేడియోలో భూమికి వస్తే చాలు.

వినడానికి సులువే. చేయబోతే చిక్కులు వరసకట్టి వస్తాయి. ద్రవం మన కంటికి మసకగా కనబడాలంటే మిల్లీలీటరుకి కోటి కణాలు కావాలి. ఒక్క కణంతో మొదలైతే కోటికి చేరడానికి సుమారు 23 సార్లు రెట్టింపవ్వాలి. 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఇ. కొలైకి అది 8 గంటల పని. రోజుకోసారి రెట్టింపయ్యే చలిదేశపు జీవికి 23 రోజులు. అన్నాళ్లూ ద్రవం గడ్డకట్టకుండా, దీపం వెలుగు తగ్గకుండా, ఎలక్ట్రోడు రీడింగు దానంతటది జారిపోకుండా ఉండాలి. రెండోది మట్టి. మట్టి వేయగానే ద్రవం ఎలాగూ మసకబారుతుంది. ఇసుక నిమిషాల్లో దిగిపోతుంది కానీ సన్నటి బంకమట్టి రేణువులు రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. కాబట్టి మొదటి రీడింగుకు విలువ లేదు. మట్టి దిగేదాకా ఆగి, ఆ గీతను సున్నా అనుకుని, అక్కణ్ణుంచి పైకి లేస్తుందా అని చూడాలి. మూడోది బుడగలు. పొడి మట్టికి నీళ్లు తగిలితే రేణువుల మధ్య ఇరుక్కున్న గాలి బయటికొస్తుంది. ఒక్క బుడగ అద్దానికి అంటుకుంటే చాలు, సెన్సరు దాన్ని కూడా మసకే అంటుంది. నాలుగోది వంటింటివాళ్లకీ తెలిసిందే. చక్కెరనూ అమైనో ఆమ్లాలనూ కలిపి ఎక్కువసేపు వేడిచేస్తే గోధుమరంగుకు తిరుగుతాయి. భూమి సూక్ష్మజీవుల్ని వెంట తీసుకెళ్లకుండా, ఈ పెట్టె ఎక్కాల్సిన నాసా అంగారక నౌకలు వైకింగ్ ల్యాండర్లను ఒక్కొక్కటీ దాదాపు 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గంటల పాటు కాల్చారు. అంత వేడిని తట్టుకుని కూడా తేటగా మిగిలే పోషకద్రవం కావాలి.

ఇవన్నీ ఇంజనీరింగ్ తలనొప్పులు, ఓపిక పడితే తీరతాయి. తీరనిది 1965 జూలైలో వచ్చిపడింది. నాసా వ్యోమనౌక మారినర్ 4 అంగారకుడి పక్కనుంచి పోతూ పంపిన లెక్కల్లో అక్కడి వాతావరణ పీడనం అప్పటిదాకా అనుకున్న సుమారు 85 మిల్లీబార్లు కాదు, 10 లోపే అని తేలింది. నీరు ద్రవంగా నిలవాలంటే కనీసం 6.1 మిల్లీబార్లు కావాలి. అంటే ఆ నేల మీద చెమ్మకే దిక్కులేదు. అలాంటి చోట పుట్టి పెరిగిన జీవిని తీసుకొచ్చి పోషకాల తొట్టిలో ముంచితే తింటుందా, చస్తుందా?

కాల్‌టెక్ జీవశాస్త్రవేత్త నార్మన్ హోరోవిట్జ్ అడిగింది సరిగ్గా అదే. ఆయనా వైకింగ్ మనిషే, ఆయన ప్రయోగం మాత్రం అంగారకుడి పొడి పరిస్థితులకు వీలైనంత దగ్గరగా పెట్టింది. హోరోవిట్జ్ వాదన అక్కడితో ఆగలేదు. అంటార్కిటికాలో మెక్‌మర్డో దగ్గరి డ్రై వ్యాలీల (మంచు కప్పని ఎండు లోయల) మట్టిని కామెరాన్‌తో కలిసి పరీక్షించి, కొన్ని చోట్ల ఏ సూక్ష్మజీవీ పెరగలేదని 1972లో ప్రకటించాడు. కనిపించిన కాసినీ గాలికి కొట్టుకొచ్చినవే తప్ప అక్కడివి కావన్నాడు. భూమి మీద ఇన్ని కోట్ల ఏళ్లు గడిచినా ప్రాణం ఈ లోయలను కూడా గెలవలేకపోతే, అంతకంటే ఘోరమైన అంగారకుడి మీద ఏం ఆశ?

విష్నియాక్ ఒప్పుకోలేదు. ఇక్కడే ఆయన అసలు పట్టు కనిపిస్తుంది. మట్టిని తెచ్చి ల్యాబులో పోషకాలు పరిచిన ప్లేటు మీద వేస్తే ఏమీ మొలవలేదు, సరే. ప్లేటు ఖాళీ. నేల ఖాళీ అని ఎలా అంటారు? ఆ ప్లేటులో పెట్టిన తిండి వాటికి పడిందా, పెట్టిన వెచ్చదనం వాటికి సరిపోయిందా? మామూలు పొలం మట్టిలో మైక్రోస్కోపు కింద కనిపించే బ్యాక్టీరియాలో నూటికి ఒకటి కూడా మన ప్లేట్ల మీద పెరగదు. ఈ రంగంలో పనిచేసే ఎవరినడిగినా చెప్పే మాటే ఇది. మట్టిని ప్లేటు దగ్గరికి తేవడం కాదు, గాజు పలకను మట్టి దగ్గరికి తీసుకెళ్లాలన్నాడు.

మట్టిలో స్లైడు పాతే పద్ధతి పాతదే, రోసీ, ఖోలోద్నీల పేర్లతో చెప్పుకుంటారు. చేసినవాళ్లకు దాని నాజూకు తెలుసు. స్లైడును జిడ్డు ఆనవాలు లేకుండా కడిగి, మంట మీద కాల్చి, చెయ్యి తగలకుండా ఉంచాలి. కత్తితో నేలను నిలువుగా కోసి, స్లైడు ఒక ముఖం ఆ గోడకు గట్టిగా ఆనేలా దించి, వెనకవైపు మట్టి పూడ్చాలి. మధ్యలో సందు మిగిలితే అక్కడ పెరిగేది నేలలోది కాదు, సందులోది. మామూలు నేలలో ఒకటి నుంచి మూడు వారాలు చాలు. చలినేలలో నెలలు కావాలి.

తీసేటప్పుడే అసలు పరీక్ష. స్లైడును పైకి లాగితే అయిపోయినట్టే. రేణువులు గీసుకుంటూ పోయి, కణాల అమరికంతా అలికినట్టవుతుంది. ముందు వెనకవైపు మట్టి తవ్వేసి, స్లైడును గోడ నుంచి వెనక్కి పడుకోబెట్టినట్టు ఊడదీయాలి. నేలకు ఆనని ముఖాన్ని తుడిచేసి, రెండో ముఖాన్ని మంట మీదుగా పోనిచ్చి అంటుకునేలా చేసి, పెద్ద రేణువులు పోయేలా సన్నటి ధారతో కడగాలి. 5 శాతం ఫినాల్‌లో 1 శాతం రోజ్ బెంగాల్ రంగు పోసి, ఆవిరి మీద కొన్ని నిమిషాలుంచి, కడిగి, ఆరబెట్టి చూడాలి. కణాలు గులాబీ రంగులో తేలతాయి, మట్టి రేణువులకు రంగు సరిగా పట్టదు. ఆయిల్ లెన్సు దించేటప్పుడు జాగ్రత్త. ఒక్క ఇసుక రేణువు మిగిలిందా, లెన్సు గీసుకుపోతుంది.

ఈ పద్ధతి బలం ఒక్కటే. కణం స్లైడు మీద ఒంటరిగా కనబడితే గాలికి వచ్చిందనొచ్చు. పక్కపక్కనే చిన్న గుంపుగా, విడిపోతూ విడిపోతూ ఆగినట్టు కనబడితే అది అక్కడే పెరిగిందన్నమాట. గాలి కణాల్ని తెచ్చిపోస్తుంది గానీ గుంపుకట్టి నాటదు. విష్నియాక్ 1971–72 వేసవిలో మెయిన్‌జర్‌తో కలిసి లోయల్లో ఇలా పనిచేసి, నేలలోనే సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని తేల్చాడు. హోరోవిట్జ్ వర్గం మాత్రం మనుషులు తొక్కిన చోట మనుషులతో వచ్చిన జీవులే దొరుకుతాయంటూ వచ్చింది. అదీ కొట్టిపారేసే మాట కాదు. ఆ లోయల్లో ఒక్క గుడారం వేస్తే చాలు, చుట్టుపక్కల మట్టిలో మనిషి చర్మపు బ్యాక్టీరియా కలుస్తుంది. అందుకే శాంపిల్ తీసేవాళ్లు గాలికి ఎదురు నిలబడి, తమ వంటి మీది దుమ్ము శాంపిల్ మీద పడకుండా చూసుకుంటారు. ఇద్దరిలో ఎవరిదీ మొండి వాదన కాదు. చేతికి దొరికింది అక్కడిదేనా కాదా అన్నదే ఇద్దరి మధ్యా ఉన్న పేచీ.

ఈలోగా 1972 మార్చిలో నాసా వుల్ఫ్ ట్రాప్‌ను వైకింగ్ నుంచి తీసేసింది. అప్పటికి జీవశాస్త్ర పెట్టెలో నాలుగు ప్రయోగాలు. అన్నీ కలిపి ఒక ఘనపుటడుగు జాగాలో, పదిహేను పదహారు కిలోల్లో ఇమడాలి. ఖర్చు చెయ్యి దాటిపోతోంది. ఒకటి పోవాలంటే నీళ్లు ఎక్కువ పోసే ప్రయోగమే ముందు పోతుంది కదా. పన్నెండేళ్లకు పైబడిన పని అలా పోయింది. అందరూ అనేది ట్రాప్‌కి అన్యాయం జరిగిందని. నేను అంత గట్టిగా అనలేను. పొడి గ్రహానికి తడి ప్రయోగం అన్న అభ్యంతరం నిజమైనదే. కానీ మిగిలిన మూడింటిలోనూ లేని గుణం ఒకటి దానిలో ఉంది, దాని సంగతి కాసేపట్లో.

ట్రాప్ పోయాక ఆయన మళ్లీ అంటార్కిటికాకే వెళ్లాడు. 1973 డిసెంబరు 10న, యాస్గార్డ్ పర్వతాల్లో మౌంట్ బాల్డర్ వైపు తాను పాతిపెట్టిన శాంపిళ్లు తీసుకురావడానికి ఒక్కడే గుడారం దాటాడు. డిసెంబరంటే అక్కడ సూర్యుడు అస్తమించడు, రాత్రి పదిన్నరకీ పట్టపగలే. నోటుబుక్‌లో చివరి రాత కూడా స్టేషన్ నంబరు, టైము, నేల ఉష్ణోగ్రత మైనస్ 10, గాలి ఉష్ణోగ్రత మైనస్ 16, అంతే. తిరిగి రాలేదు. వెతికితే మంచువాలు కింద దొరికాడు. 51 ఏళ్లు.

ఆయన తీసిన శాంపిళ్లు భార్య హెలెన్‌కు చేరాయి. ఆమే మైక్రోబయాలజిస్టు. ఆ మట్టిలోంచి ఆమె వేరుచేసిన ఈస్టుకు 1979లో క్రిప్టోకాకస్ విష్నియాకై అని పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని నగనిషియా ప్రజాతిలోకి మార్చారు, పేరు చివరి భాగం మాత్రం అలాగే ఉంది. ఆ ఈస్టు చలికే అలవాటు పడింది. మామూలుగా 30 డిగ్రీలకు పెట్టే ఇంక్యుబేటరులో పెడితే పెరగదు. ప్లేటు ఖాళీగా బయటికొస్తుంది. వెచ్చని దేశాలనుంచి గాలికి కొట్టుకొచ్చిందే అయితే వెచ్చదనానికి ఎందుకు చస్తుంది? ఒక్క ఈస్టుతో పేచీ మొత్తం తేలిపోలేదు గానీ, ఆయన అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఇంకొకటి లేదు.

ఇంకోటి రాళ్లు. ఎడారి రాళ్లలోపల బతికే నాచు మీద పనిచేసే ఇమ్రే ఫ్రీడ్‌మన్ కోసం విష్నియాక్ కొన్ని రాళ్లు ఏరి ఉంచాడు. హెలెన్ వాటిని ఆయనకు పంపింది. పగలగొట్టి చూస్తే పైపొరకు కొన్ని మిల్లీమీటర్ల లోపల ఆకుపచ్చ గీత. రేణువుల సందుల్లో, వెలుతురు చొరబడేంత పల్చగా, గాలి తగలనంత లోపలగా సయానోబ్యాక్టీరియా కాపురం పెట్టాయి. మట్టిలో ఉందా లేదా అని అందరూ తగువులాడుకుంటుంటే, ప్రాణం పక్కనున్న రాయిలో దాక్కుంది. ఆ ఫలితం 1976లో అచ్చయింది.

అదే ఏడాది జూలై 20న వైకింగ్ 1 అంగారకుడి మీద దిగింది. మిగిలిన మూడు ప్రయోగాల్లో ఒకటైన గిల్బర్ట్ లెవిన్, ప్యాట్రీషియా స్ట్రాట్‌ల ప్రయోగంలో అర మిల్లీలీటరు మట్టి మీద 0.115 మిల్లీలీటరు పోషకద్రవం పడింది. దానిలో రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన ఏడు పదార్థాలు: ఫార్మేట్, గ్లైకొలేట్, గ్లైసిన్, ఎడమ-కుడి రూపాల్లో అలనిన్, అలాగే లాక్టేట్. వెంటనే రేడియోధార్మిక వాయువు బయటికొచ్చింది. 160 డిగ్రీల్లో 3 గంటలు కాల్చిన మట్టి నుంచి రాలేదు. ముందుగా రాసిపెట్టుకున్న నియమం ప్రకారం చూస్తే అది జీవమే. కానీ రెండోసారి ద్రవం పోస్తే కొత్తగా వాయువు రావడం మాట అటుంచి, ఉన్నది కూడా కొంత తగ్గింది. కర్బన పదార్థాల కోసం వెతికిన క్లాస్ బీమన్ పరికరానికి మట్టిలో అవి దొరకలేదు, కాస్త క్లోరిన్ కలిసిన మీథేన్ తునకలు తప్ప. వాటిని అప్పట్లో భూమినుంచి వెంట వచ్చిన శుభ్రపరిచే ద్రావకాలే అనుకున్నారు. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ (క్లోరిన్, ఆక్సిజన్ ఉన్న లవణం) చూపించాక ఆ లెక్కే మారింది. పెర్‌క్లోరేట్ ఉన్న మట్టిని వేడిచేస్తే దానిలోని కర్బనాన్ని అదే కాల్చేస్తుంది, మిగిలేది క్లోరిన్ కలిసిన తునకలే. లెవిన్ 2021లో పోయేదాకా అది ప్రాణమేనంటూనే ఉన్నాడు. ఎక్కువమంది మాత్రం రసాయన చర్య అనే అన్నారు.

ఇక ట్రాప్ గుణం సంగతి. రసాయన చర్య జోరుగా మొదలై, సరుకు అయిపోయే కొద్దీ నెమ్మదించి ఆగిపోతుంది. పెరుగుదల దానికి తిరగబడి నడుస్తుంది. మొదట ఏమీ లేనట్టుంటుంది, రోజులు గడిచాక మెల్లగా లేస్తుంది, రెట్టింపు మీద రెట్టింపై ఒక్కసారి పైకి ఎగబాకుతుంది. వైకింగ్ గీత మొదటి రకానిది. ట్రాప్ అడిగింది రెండో రకాన్ని. బుడగలతో, బంకమట్టితో తికమక పెట్టి ఉండేదేమో, అంగారకుడి జీవి ఉంటే దాన్ని నీళ్లలో ముంచి చంపి ఉండేదేమో కూడా. కానీ తిన్నదా అని కాక పెరిగిందా అని అడిగే పెట్టె ఆ నాలుగింటిలో అదొక్కటే.

అంగారకుడి దక్షిణ ధ్రువం వైపు ఒక బిలానికి విష్నియాక్ అని పేరు పెట్టారు. రాసేటప్పుడు జింక్ 22 అని రాయండి, 2.2 కాదు. సీసా మీద తేదీ కూడా వేయండి.